గీజర్ పోయింది, ఓనర్ ఫోన్ ఎత్తడం లేదు: బెంగళూరు అద్దె ఇంట్లో రిపేరుకు ఏ దారి పట్టాలి?

బెంగళూరులో అద్దెకు దిగేటప్పుడే ఓనర్ చేతికి అడ్వాన్స్ వెళ్లిపోతుంది. ఐదారు నెలల అద్దె మామూలు. పాత ఒప్పందాల్లో పది నెలలది కూడా కనిపిస్తుంది. ఆ తర్వాత ఇంట్లో ఏ వస్తువు చెడిపోయినా మాటలు చివరికి ఆ డబ్బు దగ్గరికే వస్తాయి. ఇప్పుడు రిపేరు ఎవరు చేయించారన్నది ఒక గొడవైతే, ఖాళీ చేసే రోజు "ఇది మీరే పాడుచేశారు" అంటూ అడ్వాన్స్‌లో కోసుకోవడం రెండో గొడవ. దారి ఎంచుకునేటప్పుడు రెండో గొడవే ఎక్కువ గుర్తుండాలి, ఎందుకంటే పోయే డబ్బు అక్కడే పెద్దది.

మీ ముందున్న దారులు ఇవి: చిన్న ఖర్చయితే మీరే పెట్టుకోవడం, ఓనర్ తన మనిషిని పంపేదాకా ఆగడం, ముందుగా ఒప్పించి మీరే చేయించి అద్దెలో తగ్గించుకోవడం, ఎంతకీ ఒప్పుకోకపోతే నోటీసిచ్చి తగ్గించుకోవడం, సొంత వస్తువు తెచ్చుకోవడం, ఇల్లు మారడం. మామూలు ఓనర్‌తో, మామూలు ఇంట్లో మూడోదే మేలు. అది కుదరని చోట్లు కూడా ఉన్నాయి, వాటిని కింద చూద్దాం.

ముందు అగ్రిమెంటు తీయండి

మారతహళ్లిలోనో, హెచ్‌ఎస్‌ఆర్‌లోనో, ఎలక్ట్రానిక్ సిటీలోనో బ్రోకర్ చేతిలో పెట్టే అగ్రిమెంటు దాదాపు ఒకే మూసలో ఉంటుంది. గడువు 11 నెలలు. ఏడాది దాటిన లీజుకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి అలా రాస్తారు. రిపేర్ల గురించి సాధారణంగా ఒకే వాక్యం ఉంటుంది: చిన్న రిపేర్లు అద్దెదారువి, పెద్దవి ఓనర్‌వి. ఎంత ఖర్చు దాటితే పెద్దదో మాత్రం రాయరు. గొడవలన్నీ ఈ ఖాళీలోంచే పుడతాయి. రెన్యువల్ దగ్గరపడితే అక్కడ ఒక అంకె రాయించండి: "ఒక్కో రిపేరుకు రూ. 1,000 వరకు అద్దెదారు, ఆపైన ఓనర్". వెయ్యే అని లేదు, ఇద్దరికీ నచ్చిన అంకె ఏదైనా సరే.

వెనక పేజీలో సామాన్ల జాబితా ఉందేమో చూడండి. గీజర్లు రెండు, ఫ్యాన్లు నాలుగు, చిమ్నీ ఒకటి అని రాసి ఉంటే ఆ వస్తువులు ఇంటితో పాటు మీకిచ్చినట్టే. జాబితాలో లేని వస్తువు, ఉదాహరణకు పాత అద్దెదారు వదిలి వెళ్లిన వాషింగ్ మెషీన్, పోతే ఓనర్ "నాకేం సంబంధం" అనవచ్చు. అలాంటి దానిమీద డబ్బు పెట్టకండి.

చట్టం సంగతి కూడా కాస్త తెలిసి ఉండాలి. కర్ణాటక అద్దె చట్టం 1999 బెంగళూరులో నెలకు రూ. 3,500 దాటిన ఇళ్లకు వర్తించదు. అంటే ఇవాళ్టి అద్దెల్లో దాదాపు ఏ ఇల్లూ దాని కిందికి రాదు. మిగిలేది మీ అగ్రిమెంటు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. ఆ చట్టం 108వ సెక్షన్‌లో పనికొచ్చే మాటలు రెండున్నాయి. ఓనర్ చేయించి తీరాల్సిన రిపేరును, మీరు నోటీసిచ్చాక తగినంత సమయంలో చేయించకపోతే, మీరే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలోంచి మినహాయించుకోవచ్చు. వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకు మీరు బాధ్యులు కారు. మొదటిదాంట్లో "చేయించి తీరాల్సిన" అన్నదే కీలకం. అది అగ్రిమెంటులో లేకపోతే మీ పట్టు బలహీనం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో, వేరేగా రాసుకోకపోతే, గీజర్ రిపేర్లు, స్విచ్చులు, సాకెట్లు, కుళాయిల పని అద్దెదారు వాటాలోకే వేశారు. పైపులు మార్చడం, ఇంటి వైరింగ్ ఓనర్ వాటా. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప ఆ నమూనా అమలు కాదు. కానీ "గీజర్ ఓనర్‌దే కదా, చట్టమే చెబుతోంది" అని గట్టిగా వాదించడానికి వెళితే, అవతలివాళ్లు దీన్నే చూపించగలరు. అందుకే గీజర్ గురించి అగ్రిమెంటులో విడిగా ఒక ముక్క రాయించుకోవడం అవసరం.

ఏం పోయిందో తెలుసుకుని అడగండి

"గీజర్ పనిచేయట్లేదు అంకుల్" అంటే ఓనర్‌కు అర్థమయ్యేది ఒకటే, ఖర్చు వచ్చిందని. "కాయిల్ పోయింది, మార్చాలి" అంటే ఖర్చుకు ఒక హద్దు కనిపిస్తుంది. ఒప్పుకోవడం సులువవుతుంది.

గీజర్‌తోనే మొదలుపెడదాం, బెంగళూరులో ఎక్కువ గొడవలు దానివే. కావేరీ నీళ్లు వచ్చే వీధుల్లో గీజర్లు ఏళ్ల తరబడి నడుస్తాయి. వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు వైపు బోరు, ట్యాంకర్ నీళ్ల మీద బతికే అపార్ట్‌మెంట్లలో సున్నం పేరుకుంటుంది. కాయిల్ చుట్టూ తెల్లటి పెంకు కడితే దాని వేడి నీళ్లలోకి సరిగా పోదు, కాయిల్ తనలో తానే కాలి పగులుతుంది. గీజర్‌లోంచి చిటపట శబ్దం వస్తోందంటే లోపల పెంకు బాగా కట్టిందని గుర్తు. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల ఒక మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. ట్యాంకుకు బదులు తను కరిగిపోవడమే దాని పని. బోరు నీళ్ల ఇంట్లో ఏడాదికోసారి దాన్ని చూసి, అరిగితే మార్చాలి. ఎవరూ చూడరు, అందుకే ట్యాంకులు చిల్లులు పడతాయి.

లక్షణాలు ఇలా చదవండి. 15 లీటర్ల గీజర్‌లో 2,000 వాట్ల కాయిల్ ఉంటే 20 డిగ్రీల నీళ్లు 60కి చేరడానికి దాదాపు 21 నిమిషాలు పడుతుంది. చాలా మోడళ్లలో లైటు వెలుగుతూనే ఉండి నీళ్లు చల్లగా ఉంటే కాయిల్ పోయినట్టు. లైటే వెలగకపోతే వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ గానీ, అతివేడికి కరెంటు ఆపే కటౌట్ గానీ. ఐదు నిమిషాలకే లైటు ఆరిపోయి నీళ్లు గోరువెచ్చగా మిగిలితే థర్మోస్టాట్ తప్పు లెక్క చూపుతోంది. ఈ మూడూ పెద్ద ఖర్చు లేని పనులు. వేడెక్కుతున్నప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి నాలుగు చుక్కలు పడటం రోగం కాదు, నీళ్లు వ్యాకోచిస్తాయి కాబట్టి పడతాయి. స్విచ్ ఆపినా ధారగా కారితే వాల్వ్ మార్చాలి. కింది మూత దగ్గర తుప్పు రంగు నీళ్లు కారితే మాత్రం ట్యాంకు చిల్లుపడింది. దానికి రిపేరు లేదు, గీజరే మార్చాలి. "వెల్డింగ్ చేసేస్తాను" అనే మనిషిని రానివ్వకండి.

గీజర్ వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోతోందంటే కాయిల్ పైతొడుగు పగిలి కరెంటు నీళ్లలోకి వస్తోందని అర్థం. ఇళ్లలో వాడే ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపుల లీకేజీకే పడిపోయేలా ఉంటుంది. పదే పదే ఎత్తి పెట్టకండి. పాత ఇళ్లలో అది ఉండనే ఉండదు, అక్కడ కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటుంది. ఇలాంటప్పుడు పై దారుల పోలిక పక్కన పెట్టేయండి. ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఆ లైనుకున్న స్విచ్) దించి, ఆ రోజే మనిషిని పిలవండి, డబ్బు సంగతి తర్వాత. సాకెట్ ముఖం నల్లబడి కాలిన వాసన వస్తే తప్పు గీజర్‌ది కాకపోవచ్చు. 2,000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపులు లాగుతుంది. 6 ఆంపుల సాకెట్‌కు గానీ, వదులైన 16 ఆంపుల సాకెట్‌కు గానీ తగిలిస్తే కరుగుతుంది. అది ఇంటి వైరింగ్ లోపం, ఓనర్ వాటా అని ధైర్యంగా అడగవచ్చు.

బాత్రూమ్ లోపల గ్యాస్ గీజర్ ఉంటే దాన్ని బాగుచేయించమని అసలు అడగకండి, తీసేయమని అడగండి. మూసిన గదిలో మండితే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. సిలిండర్ గ్యాస్ లీకైతే 1906కి ఫోన్ చేయాలి.

ఫ్రిజ్ దగ్గర ఒక్క మాట విన్నప్పుడు జాగ్రత్తపడండి: "గ్యాస్ అయిపోయింది, పట్టాలి." ఫ్రిజ్‌లో గ్యాస్ వాడకంతో తరిగేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. లీకు ఎక్కడో చూపించి, అతికించి, ఆ తర్వాతే పట్టాలి. లేకపోతే కొన్ని నెలలకు మళ్లీ అదే పాట, రెండోసారి ఓనర్ నమ్మడు. కొత్త ఫ్రిజ్‌లలో ఉండే ఆర్600ఏ మండే వాయువు కాబట్టి ఆ పనికి కంపెనీ మనిషే రావాలి. ఏ గ్యాసో వెనకాల లేబుల్ మీద రాసి ఉంటుంది. నిమిషానికోసారి టక్ మని శబ్దం వచ్చి ఆగిపోతోందంటే ముందు కంప్రెసర్‌ను స్టార్ట్ చేసే రిలే, దాన్ని కాపాడే ఓవర్‌లోడ్ చూడమనండి, అవి చిన్న ముక్కలు. కంప్రెసర్ పోయిందని తేల్చితే ఓనర్‌ను బిల్లు కాపీ అడగండి. చాలా కంపెనీలు కంప్రెసర్‌కు విడిగా పొడుగు వారంటీ ఇస్తాయి, పదేళ్లది కూడా ఉంటుంది. అందులో ముక్క ఉచితంగా వచ్చినా గ్యాస్‌కు, కూలికి డబ్బు పడుతుంది. బిల్లు లేకపోతే ఆ వారంటీ చేతికందదు.

వాషింగ్ మెషీన్‌లో నీళ్లు నిండకపోతే వెనక పైపు బిగించే చోటున్న జాలీ మూసుకుపోయి ఉంటుంది. నీళ్లు బయటకు పోకపోతే, ముందు తలుపు మెషీన్‌లో అడుగున ఉండే పంపు ఫిల్టర్‌లో నాణెమో, పిన్నీసో ఇరుక్కుని ఉంటుంది. ఇవి మీ చేతి పనులు, ఓనర్‌కు చెప్పాల్సినవి కావు. తిరిగేటప్పుడు లారీ మోత వస్తే బేరింగు, ఏ బటనూ పలకకపోతే బోర్డు. ఇవి వేలల్లోకి వెళ్తాయి. ఎలుకలు వైర్లు కొరికితే అది అరుగుదల కింద రాదు, ఓనర్ మీమీద వేయడం సహజమే.

నీళ్ల ఫిల్టర్‌లో వాడకంతో అరిగే కార్ట్రిడ్జులు మీవి. పంపు, అడాప్టర్ ఓనర్‌వి. మెంబ్రేన్ (నీళ్లను వడకట్టే పొర) దగ్గర సగం సగం న్యాయం. ఇన్వర్టర్‌కు డిస్టిల్డ్ వాటర్ పోయడం మీ పని, ముసలిదైన బ్యాటరీ మార్చడం ఆయన పని.

ఎవరి మనిషి రావాలి

ఓనర్ మనిషి వస్తే మీకు పైసా ఖర్చు ఉండదు, తర్వాత పేచీ ఉండదు. నష్టం రెండు చోట్ల. ఆ మనిషి దొరికే రోజుకు మీరు ఇంట్లో ఉండాలి, ఆ రోజు వారం తర్వాత రావచ్చు. రెండోది, చవక కాయిల్ వేస్తాడు, ఆరు నెలలకు మళ్లీ మీకే చన్నీళ్లు. ఓనర్ కింది అంతస్తులోనే ఉంటే ఇదే దారి పట్టండి. అతను కళ్లముందే పనిచేస్తాడు, చెడితే ఓనరే మళ్లీ పిలుస్తారు.

ఓనర్ వేరే ఊళ్లోనో, అమెరికాలోనో ఉంటే కంపెనీ సర్వీసు మేలు. విజిటింగ్ ఛార్జీ పడుతుంది, ముక్కల ధర ఎక్కువే. కానీ పేరుతో, తేదీతో, సీరియల్ నంబరుతో బిల్లు ఇస్తారు, మార్చిన ముక్కకు కొంత గడువు హామీ ఉంటుంది. అడ్వాన్స్ వెనక్కి తీసుకునే రోజు ఆ కాగితమే మాట్లాడుతుంది. యాప్‌లో దొరికే మనిషి ఈ రెంటికీ మధ్యలో ఉంటాడు, త్వరగా వస్తాడు, రేటు ముందే కనబడుతుంది. వారంటీలో ఉన్న వస్తువును మాత్రం అతని చేత విప్పించకండి, వారంటీ పోవచ్చు. వారంటీ ఉండీ కంపెనీ చేయనంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అది కంపెనీ మీద ఫిర్యాదుకు, ఓనర్ మీద కాదు.

ఒక చిన్న కిటుకు: మొదటిసారి వచ్చినప్పుడు ఏం పోయిందో, ఎంతవుతుందో మాత్రం రాయించుకుని పంపండి. ముక్క వేయించకండి. ఆ అంచనా కాగితం ఫొటో ఓనర్‌కు పంపి, "సరే" వచ్చాకే పని మొదలుపెట్టించండి. విజిటింగ్ ఛార్జీ ఒకటి అదనంగా పడినా, పని అయ్యాక "నన్నడక్కుండా ఎందుకు చేయించావు" అన్న మాట రాదు.

అడగడం ఎలా

ముందు ఫోన్, వెంటనే వాట్సాప్. ఫోన్‌లో ఒప్పుకున్నది రాతలోకి రావాలి. ఇలా రాయవచ్చు:

"నమస్తే అంకుల్. హాల్ పక్క బాత్రూమ్ గీజర్ సోమవారం నుంచి పనిచేయడం లేదు. కంపెనీ మనిషి చూసి కాయిల్ పోయిందన్నారు, ముక్క, కూలి కలిపి రూ. 1,450 అని రాసిచ్చారు. అంచనా, గీజర్ లేబుల్ ఫొటోలు పెట్టాను. మీరు సరే అంటే రేపు నేనే చేయించి, వచ్చే నెల అద్దెలో ఆ మొత్తం తగ్గించి వేస్తాను, బిల్లు పంపిస్తాను. లేదా మీ మనిషిని పంపుతానంటే శనివారం ఉదయం ఇంట్లోనే ఉంటాం. ఇంట్లో పసిపిల్ల ఉంది, దయచేసి శుక్రవారం లోపు చెప్పండి."

ఇందులో వస్తువు, తేదీ, కారణం, ఖర్చు, రెండు దారులు, గడువు అన్నీ ఉన్నాయి. జవాబుకు ఆయన ఒక్క "ఓకే" కొడితే చాలు. కన్నడ ఓనరైతే ఫోన్‌లో "గీజర్ కెట్టోగిదె సర్, స్వల్ప రిపేరి మాడిస్కొడి" (గీజర్ చెడిపోయింది సార్, కాస్త రిపేరు చేయించండి) అని మొదలుపెట్టండి, మిగతాది ఏ భాషలోనైనా నడుస్తుంది. ఈ ఊళ్లో తెలుగు మాట్లాడే ఓనర్లు కూడా ఎందరో ఉన్నారు. మాట కలిసిన కొద్దీ నోటిమాటతో సరిపెట్టాలనిపిస్తుంది, అక్కడ కూడా మెసేజ్ పెట్టండి.

చేరిన రెండు మూడు నెలల్లో పోయిన వస్తువును ఓనర్ చేయించడమే న్యాయం, అప్పటికే అది చివరి దశలో ఉందన్నమాట. మూడేళ్లు వాడాక సున్నం తీయించే ఖర్చును మీరే పెట్టుకోవడం న్యాయం. ఈ తేడా మీరే ముందు ఒప్పుకుంటే, పెద్ద ఖర్చు అడిగిన రోజు మీ మాటకు బరువు ఉంటుంది.

జవాబే రాకపోతే

వారం ఆగి, అదే విషయం ఈమెయిల్‌లో పెట్టండి. ఇంకా కదలకపోతే రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు: లోపం, మొదట చెప్పిన తేదీ, అంచనా, 15 రోజుల గడువు, ఆ తర్వాత 108వ సెక్షన్ కింద మీరే చేయించి అద్దెలో మినహాయించుకుంటారన్న మాట. ఈ దారి గీజర్ కాయిల్ లాంటి చిన్న పనికి తగదు. వైరింగ్ కాలిపోయి, ఇల్లు నివాసానికే ప్రమాదంగా ఉంటే తగుతుంది. మినహాయించినా మిగిలిన అద్దె తేదీకే, బ్యాంకు ద్వారానే వేయండి. మొత్తం అద్దె ఆపేయడం అన్నిటికంటే చెడ్డ దారి. రిపేరు విషయం పక్కకు పోయి, మీరే అద్దె ఎగ్గొట్టినవాళ్లవుతారు, ఖాళీ చేయించడానికి ఆయనకు మీరే కారణం ఇచ్చినట్టు. నమూనా చట్టం కూడా ఇలాంటి మినహాయింపును ఒక నెలలో సగం అద్దెకు మించనివ్వదు, ఆ హద్దు పాటించడం మంచిది. ఫోన్ మార్చినా పాత చాట్లు చెరపకండి. కోర్టు దాకా వెళితే 2023 నాటి భారతీయ సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం వాటికి సర్టిఫికెట్ జతచేయాలి, ఒరిజినల్ ఉన్న ఫోన్ దగ్గరుంటే ఆ పని తేలికవుతుంది.

నోటీసు ఖర్చు, మనశ్శాంతి లెక్కవేస్తే చాలాసార్లు సొంత వస్తువే చవక. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ నెలవారీ అద్దెకు ఇచ్చే కంపెనీలు ఈ ఊళ్లో ఉన్నాయి, వాటి రిపేరు వాళ్లదే. ఏడాదిలోపు ఊరు మారేవాళ్లకు అది మేలు, రెండేళ్లు ఉండేవాళ్లకు కొనుక్కోవడమే మేలు. ఇల్లు మారాలనుకుంటే ముందు లాక్-ఇన్ గడువు (ఖాళీ చేయకూడదని రాసుకున్న కనీస కాలం), నోటీసు నెలలు, పెయింటింగ్ పేరుతో కోసుకునే ఒక నెల అద్దె, ప్యాకర్ల ఖర్చు కలిపి చూడండి. ఒక గీజర్ కోసం అంత ఖర్చు పెట్టక్కర్లేదు. షాక్ కొట్టే వైరింగ్‌ను పట్టించుకోని ఓనర్ అయితే పెట్టినా తప్పులేదు.

సొంత గీజర్ పెట్టుకుంటే మొదటి రోజే మెసేజ్‌లో రాయండి: "పాత గీజర్ తీసి లాఫ్ట్‌లో పెట్టాం, కొత్తది మాది, వెళ్లేటప్పుడు తీసుకెళ్తాం." పాతదాన్ని పాతసామాన్ల వాడికి వేయకండి, అది ఓనర్ ఆస్తి. గోడకు కొట్టే కొత్త రంధ్రాలకు అనుమతి అడగండి, వీలైతే పాత బోల్టులకే సరిపోయే మోడల్ చూడండి. వెళ్లేటప్పుడు కొత్తది దించి, పాతది మళ్లీ బిగించాలి, లేదా రెండు పైపుల నోళ్లకు ఎండ్ ప్లగ్గులు పెట్టించి నీళ్లు కారకుండా చూసి, ఓనర్ ఎదుటే వాల్వ్ తిప్పి వీడియో తీసుకోండి.